పొగ లేని నిప్పు

దూరాన కొండమీద పొగ లేస్తున్నది. పొగ ఉన్నచోట నిప్పు ఉండటం మనం వంటింట్లో నిత్యం చూసినదే కనుక, కంటికి కనబడకపోయినా ఆ కొండమీద నిప్పున్నదని నిశ్చయిస్తాం. తర్కశాస్త్రంలో అడుగుపెట్టిన విద్యార్థికి గురువు మొదట చెప్పే ఉదాహరణ ఇదే. తెలుగువాడని ప్రసిద్ధికెక్కిన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రచించిన ‘తర్కసంగ్రహం’లోనూ ఇదే కనిపిస్తుంది. చూసినదాన్ని ఆధారం చేసుకొని చూడనిదాన్ని తెలుసుకోవడాన్ని తార్కికులు ‘అనుమానం’ అన్నారు. నేటి వాడుకలో ఆ మాటకు సందేహమనే అర్థం స్థిరపడింది గాని, శాస్త్రంలో దాని అర్థం అందుకు పూర్తిగా విరుద్ధం, అది నిశ్చయజ్ఞానం.

తార్కికులు అంతటితో ఆగక ఆ వాక్యాన్ని తలకిందులు చేసి చూశారు. పొగ ఉన్నచోటనెల్ల నిప్పు ఉంటుంది, సరే. నిప్పు ఉన్నచోటనెల్ల పొగ ఉంటుందా? ఉండదన్నారు. కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుపగుండును సాక్ష్యంగా చూపారు. అందులో అగ్ని ఉన్నది, పొగ లేదు. పొగ పుట్టాలంటే నిప్పుకు పచ్చికట్టె తోడు కావాలి. ఈ ఇనుపగుండు కేవలం పండితుల వాదానికి పనికివచ్చే దృష్టాంతమని చాలాకాలం అనుకొన్నాను. కర్మాగారాల్లో జరిగే ప్రమాదాల గురించి చదవడం మొదలుపెట్టిన తరువాత అది నిత్యజీవితంలోని వస్తువేనని తెలిసింది. వదులైన ఒక విద్యుత్ అతుకు, నూనె ఇంకిపోయిన ఒక బేరింగు, లోలోపల రాజుకొంటున్న బొగ్గు గుట్ట - ఇవన్నీ ఇనుపగుండ్లే. వాటిలో వేడి పుడుతుంది, పెరుగుతుంది; పొగ మాత్రం రాదు. పొగ కనిపించే నాటికి చేయగలిగినది చాలావరకు మించిపోయి ఉంటుంది. మన పెద్దలు దీనినే నివురు గప్పిన నిప్పు అన్నారు. ఆ నివురును ఊదకుండానే, తాకకుండానే, దాని కింది వేడిని కంటికి కట్టించే విద్యకు ఉష్ణచిత్రణమని పేరు. అందుకు వాడే పరికరాన్ని థర్మల్ కెమెరా అంటున్నారు.

ఈ విద్యకు మూలం 1800వ సంవత్సరంలో ఇంగ్లండులో జరిగిన ఒక చిన్న ప్రయోగంలో ఉన్నది. విలియం హెర్షెల్ మొదట సంగీత విద్వాంసుడు, తరువాత ఖగోళ శాస్త్రజ్ఞుడు. 1781లో యురేనస్ గ్రహాన్ని కనుగొన్నవాడు. ఆయన సూర్యకాంతిని పట్టకం గుండా పంపి, విడివడిన రంగుల్లో ఏ రంగుకు ఎంత వేడి ఉన్నదో ఉష్ణమాపకాలతో కొలిచాడు. ఊదారంగు నుంచి ఎరుపు వైపు జరిగేకొద్దీ వేడి పెరిగింది. ఎరుపు దాటిన తరువాత, వెలుగన్నదే కనబడని చోట పెట్టిన ఉష్ణమాపకం అన్నిటికన్న ఎక్కువ చూపింది. కంటికి అందని కిరణాలు అక్కడ ఉన్నాయని ఆ విధంగా లోకానికి తెలిసింది. వాటిని మనం పరారుణ కిరణాలంటున్నాం. పర అంటే ఆవలిది, అరుణం అంటే ఎరుపు. పురాణాల్లో అరుణుడు సూర్యరథానికి సారథి; సూర్యుడు రాకముందే తూర్పున కనిపిస్తాడు. పారిభాషిక పదాలు కూర్చినవారికి ఈ సంగతి స్ఫురించిందో లేదో గాని, మంటకు ముందుగా వచ్చి కబురు చెప్పే కిరణాలకు ఇంతకన్న తగిన పేరు దొరకదు.

ఉష్ణోగ్రత ఉన్న ప్రతి వస్తువూ కిరణాలను వెలువరిస్తూనే ఉంటుంది. బాగా కాలిన ఇనుము వెలువరించే కిరణాల్లో కొంతభాగం మన కంటికి ఎర్రగా కనిపిస్తుంది. అంత వేడి లేని వస్తువులు కూడా ప్రకాశిస్తూనే ఉంటాయి గాని, ఆ ప్రకాశం మన కంటి హద్దుకు ఆవల ఉంటుంది. మన కన్ను గ్రహించే వెలుగు తరంగదైర్ఘ్యం సుమారు 0.4 నుంచి 0.7 మైక్రాన్ల వరకే. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. మన ఒంటి నుంచీ, గోడల నుంచీ, బల్లల నుంచీ వెలువడే కిరణాలు సుమారు 10 మైక్రాన్ల దగ్గర అత్యధికంగా ఉంటాయి. థర్మల్ కెమెరాల్లో ఎక్కువభాగం 8 నుంచి 14 మైక్రాన్ల మధ్య కిరణాలను గ్రహిస్తాయి. సాధారణమైన గాజు ఈ కిరణాలను అడ్డుకొంటుంది గనుక ఈ కెమెరాలకు జెర్మేనియంతో చేసిన కటకాన్ని అమర్చుతారు. చూపుకు ఆ కటకం నల్లని లోహపు బిళ్ళలా ఉంటుంది. దాని గుండా మనకు ఏమీ కనబడదు, వేడికి మాత్రం అది తెరచిన తలుపు. కటకం వెనుక వేల సంఖ్యలో అతిసూక్ష్మమైన పలకలుంటాయి. కిరణాలు సోకి పలక వేడెక్కితే దాని విద్యున్నిరోధం మారుతుంది. ఆ మార్పును కొలిచి, ఒక్కొక్క పలకకు ఒక్కొక్క చుక్క చొప్పున తెరమీద చిత్రం గీస్తుంది యంత్రం. అడ్డంగా 320, నిలువుగా 240 పలకలున్న కెమెరా అంటే ఒకేసారి 76,800 చోట్ల ఉష్ణమాపకాలు పెట్టినట్లే. ఆ చిత్రంలో కనిపించే పసుపు, ఎరుపు, నీలం నిజమైన రంగులు కావు; వేడి హెచ్చుతగ్గులను మనం సులువుగా గుర్తించడానికి యంత్రం పూసిన రంగులు.

కరోనా వ్యాపించిన రోజుల్లో బడి గుమ్మం ముందు మీ నుదుటికి గురిపెట్టిన చిన్న పరికరం ఈ కుటుంబానికి చెందినదే. అయితే అది ఒక్కచోటి వేడిని అంకెగా చెబుతుంది, చిత్రం గీయదు. సైనికావసరాల కోసం పెరిగిన ఈ విద్య పరిశ్రమలకు 1960లలో చేరింది. స్వీడను దేశంలో 1965లో విద్యుత్ తీగలను పరిశీలించడానికి అమ్మిన యంత్రాన్ని ఈ వాడుకకు నాందిగా చెబుతారు. మన తీరానికీ ఈ విద్యతో చుట్టరికం ఉన్నది. మచిలీపట్నంలో 1926లో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ వెలసింది. 1983లో అది భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థలో చేరింది. చీకటిలో చూపునిచ్చే పరికరాలను సైన్యానికి తయారుచేసి ఇచ్చే కర్మాగారమది.

ఇక మా ఊరి సంగతి. ఉదయగిరి రాజ్యానికి కాపుదలగా సేనలు నిలిచిన చోటు కనుక దీనికి కావలి అనే పేరు వచ్చిందని ఇక్కడివారు చెప్పుకొంటారు. వేసవి రాత్రి ఈ పట్టణంలో ఏ వీధిలోనైనా ట్రాన్స్‌ఫార్మరు దగ్గర కాసేపు నిలబడి చూడండి. ఉక్కపోతకు ఇళ్ళన్నిటిలో ఏసీలు, పంకాలు, మోటార్లు ఒకేసారి నడుస్తుంటాయి. స్తంభం మీద ఎక్కడో ఒక జంపరు కొనలో చిన్న మిణుకు కనిపిస్తుంది. ఆ మిణుకు కనిపించడానికి ఎన్నో వారాల ముందే ఆ అతుకు వదులై వేడెక్కుతూ ఉంటుంది. సముద్రపు గాలిలోని ఉప్పుతేమ లోహాన్ని తింటుంది. పగలు వ్యాకోచం, రాత్రి సంకోచం. బోల్టు కొద్దికొద్దిగా సడలుతుంది. రెండు లోహపు ముఖాలు గట్టిగా ఒరుసుకొని ఉండవలసిన చోట కొద్దిపాటి బిందువుల్లో మాత్రమే తాకుతాయి. అక్కడ నిరోధం పెరుగుతుంది. నిరోధం పెరిగిన చోట వేడి పుడుతుంది. ఆ వేడికి తుప్పు ఇంకా పెరుగుతుంది. లైన్‌మన్లు దీనిని ‘లూజు కాంటాక్టు’ అంటారు. ఆ మాట వినడానికి తేలిక. దాని వల్ల కాలిపోయిన దుకాణాలూ, గిడ్డంగులూ, మిల్లులూ అనేకం.

ఇక్కడ భౌతికశాస్త్రం చెప్పే ఒక లెక్కను గుర్తుంచుకోవాలి. అతుకులో పుట్టే వేడి, ప్రవహించే విద్యుత్తు వర్గానికి అనుపాతంలో ఉంటుంది. విద్యుత్తు రెండింతలైతే వేడి నాలుగింతలు. కనుక మధ్యాహ్నం మిల్లు ఆగి ఉన్న వేళ తీసిన చిత్రంలో సాధువులా కనిపించిన అతుకే, యంత్రాలన్నీ నడిచే వేళకు నిప్పుకణికగా మారవచ్చు. ఉష్ణచిత్రాన్ని తీయవలసింది భారం ఎక్కువగా ఉన్నప్పుడు. ఈ సంగతి తెలియక, పనివారికి తీరిక దొరికిందని సెలవురోజున కెమెరా తెప్పించి అంతా బాగానే ఉన్నదని సంతోషించే యాజమాన్యాలు ఉన్నాయి. ఆ సంతోషం ప్రమాదకరమైనది.

మరి ఎంత వేడి ఉంటే ప్రమాదమని నిర్ణయించాలి? అంకె ఒక్కటే చూస్తే తేలదు. నెల్లూరు ఎండలో తీగలన్నీ వేడిగానే ఉంటాయి. అందుకే పోల్చి చూస్తారు. మూడు ఫేజుల తీగలు పక్కపక్కనే ఉంటాయి. మూడింటిపైనా దాదాపు ఒకే భారం ఉండి, రెండు చల్లగా, ఒకటి వేడిగా కనిపిస్తే దోషం ఆ మూడోదానిలో ఉన్నదన్నమాట. ఒకే భారం మోస్తున్న ఒకే రకం భాగాల నడుమ 15 డిగ్రీలకు మించిన తేడా కనిపిస్తే ఆలస్యం లేకుండా సరిచేయాలన్నది విద్యుత్ పరీక్షకులు విస్తృతంగా పాటించే ప్రమాణం.

ఈ కెమెరా చెప్పేదంతా సత్యమని నమ్మరాదు. అది అబద్ధమాడే సందర్భం ఒకటున్నది. దానిని మీ వంటింట్లోనే ఊహించుకోవచ్చు. తళతళలాడే స్టీలు చెంబులో సలసల కాగిన నీళ్ళు పోసి, పక్కనే మసిబారిన గిన్నెలో అవే నీళ్ళు పోసి, రెంటినీ థర్మల్ కెమెరాతో చూస్తే మసిగిన్నె మండుతున్నట్లుగా, చెంబు చల్లగా ఉన్నట్లుగా కనిపిస్తాయి. చెంబును పట్టుకొంటే చేయి కాలుతుంది. రెండింటి ఉష్ణోగ్రత ఒకటే అయినా మెరిసే లోహం తన వేడిని కిరణాల రూపంలో చాలా తక్కువగా వెలువరిస్తుంది. ఈ గుణాన్ని ఉద్గారత అంటారు. మన చర్మపు ఉద్గారత సుమారు 0.98; మెరుగుపెట్టిన అల్యూమినియానిది 0.05 చుట్టుపక్కల ఉంటుంది. స్కాట్లండు శాస్త్రజ్ఞుడు జాన్ లెస్లీ 1804లోనే ఒక లోహపు పెట్టెకు ఒక ముఖాన్ని మెరుగుపెట్టి, మరొక ముఖానికి మసిపూసి, లోపల వేడినీరు పోసి ఈ భేదాన్ని నిరూపించాడు. అంతేకాదు, మెరిసే లోహం అద్దంలా పనిచేస్తుంది. పరీక్షించే మనిషి ఒంటివేడే దానిలో ప్రతిఫలించి వేడిచుక్కగా కనిపించడం కద్దు. అందువల్ల అనుభవజ్ఞులు అతుకు మీద ముందుగానే నల్లని ఇన్సులేషను టేపు ముక్క అంటించి ఉంచుతారు, లేదా మెరుపులేని రంగు పూసి ఉంచుతారు. పరీక్షవేళ దానినే గురిచూస్తారు. టేపు ఉద్గారత సుమారు 0.95 కనుక ఆ కొలత నమ్మదగినది. ఇదంతా విద్యుత్తు ఆపివేసినప్పుడు చేసిపెట్టుకోవలసిన పని. లక్షల రూపాయల యంత్రం రెండంగుళాల టేపు ముక్క సాయం కోరడం నాకు ముచ్చటగా తోస్తుంది.

కావలి మీదుగా విజయవాడ - చెన్నై రైలుమార్గం పోతున్నది. రైలు స్టేషను దాటేటప్పుడు సిబ్బంది పచ్చజెండా పట్టుకొని నిలబడటం మీరు చూసే ఉంటారు. అది మర్యాద కోసం చేసే పని కాదు. కదిలే పెట్టెల కిందికి చూస్తూ ఎక్కడైనా చక్రపు ఇరుసు కాలుతున్నదా, పొగ వస్తున్నదా, ఏదైనా వేలాడుతున్నదా అని గమనించడం వారి విధి. ఇరుసు చివర బేరింగు పాడైతే రాపిడికి అది వేడెక్కుతుంది. రైల్వేవారు దీనిని ‘హాట్ యాక్సిల్’ అంటారు. అలక్ష్యం చేస్తే ఇరుసు విరిగి పెట్టె పట్టాలు తప్పుతుంది. పూర్వం బండి ఆగినప్పుడు పరీక్షకుడు వెంటవెంట నడుస్తూ ఇరుసుపెట్టెలను చేత్తో తాకి చూసేవాడు. ఇప్పుడు అనేక మార్గాల్లో పట్టాల పక్కన పరారుణ గ్రాహకాలను అమర్చి, పరుగెత్తే బండిలోనే ప్రతి ఇరుసు వేడినీ కొలుస్తున్నారు. తోటి ఇరుసులకన్న ఒకటి వేడిగా ఉంటే కబురు ముందరి స్టేషనుకు చేరుతుంది. పరికరం మారింది, పక్కదానితో పోల్చి చూసే పద్ధతి మాత్రం ఆ పరీక్షకుని అరచేతి నాటిదే.

కావలికి దక్షిణాన, నెల్లూరు దాటిన తరువాత కృష్ణపట్నం రేవు ఉన్నది. దానికి చేరువలో నేలటూరు వద్ద, మన మాజీ ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య పేరిట 800 మెగావాట్ల యూనిట్లు మూడింటితో థర్మల్ విద్యుత్ కేంద్రం నడుస్తున్నది. ఇటువంటి కేంద్రాల ఆవరణలో బొగ్గు కొండల్లా పేరుకొని ఉంటుంది. బొగ్గు కాలడానికి అగ్గిపుల్ల అక్కరలేదు. గాలిలోని ఆమ్లజనితో అది నెమ్మదిగా కలుస్తూనే ఉంటుంది. కలిసినప్పుడల్లా కొద్దిగా వేడి పుడుతుంది. గాలి బాగా ఆడే పై పొరలో ఆ వేడి ఎప్పటికప్పుడు చెదిరిపోతుంది. మరీ లోతున ఆమ్లజని అందదు. ఈ రెండింటి నడుమ, గాలి చొరబడేంత సందూ వేడి బయటికి పోలేనంత మందమూ ఉన్న పొర ఒకటి ఉంటుంది. ప్రమాదమంతా అక్కడే. వేడి సుమారు 60, 70 డిగ్రీలు దాటితే ఇక అది తనను తానే పెంచుకొంటూ పోతుంది. సింగరేణి గనుల్లోనూ బొగ్గు ఇలా తనంత తాను రాజుకోవడం చిరకాలంగా తెలిసిన సంగతి. యార్డులో గుట్టను బుల్డోజర్లతో అణచి సందులు మూయడం, ముందు వచ్చిన బొగ్గును ముందే వాడటం దీనికి విరుగుడు. గుట్ట మీద ఎక్కడ వేడి తేలుతున్నదో కనిపెట్టడం థర్మల్ కెమెరా పని. ఎండలో నల్లని బొగ్గు పైభాగమంతా కాగిపోయి, లోపలి దోషాన్ని కప్పివేస్తుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత పుట్టిన దేశంలో పట్టపగలు గుట్టను చిత్రించి ప్రయోజనం లేదు. తెల్లవారుజామున, పగటి వేడి పూర్తిగా చల్లారిన తరువాత చూడాలి. బొగ్గును మోసే కన్వేయరు బెల్టు కింది రోలర్లకూ ఇదే పరీక్ష. బిగుసుకుపోయిన ఒక్క రోలరు మీద బెల్టు రాసుకొంటూ పోతే, దాని మీది బొగ్గుపొడి అంటుకోవడానికి అది చాలు.

ఈ బొగ్గు గుట్ట మనకొక ముఖ్యమైన సంగతి నేర్పుతుంది. థర్మల్ కెమెరా వస్తువు పైభాగాన్ని మాత్రమే చూస్తుంది. సినిమాల్లో చూపినట్లు గోడల గుండా లోపలి మనుషులను చూడలేదు. లోపలి వేడి పైకి పాకి వచ్చినప్పుడే దానికి తెలుస్తుంది. పైకి రావడానికి కొన్నిచోట్ల నిమిషాలు, కొన్నిచోట్ల రోజులు పడుతుంది. ఉష్ణనిరోధక కవచం ఉన్నచోట అసలు రాకనే పోవచ్చు.

మన రాష్ట్రంలో కనబడని వేడి తెచ్చిన ఘోరాన్ని ఇక్కడ తలచుకోక తప్పదు. విశాఖపట్నంలో ఆర్.ఆర్. వెంకటాపురం గ్రామాన్ని ఆనుకొని ఉన్న ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం 2020 మార్చి చివరలో లాక్‌డౌను వల్ల ఆగిపోయింది. అక్కడి ఒక పెద్ద ట్యాంకులో స్టైరీను అనే ద్రవం నిలువ ఉన్నది. ప్లాస్టిక్కు తయారీకి వాడే ఈ ద్రవం చల్లగా ఉన్నంతకాలం కుదురుగా ఉంటుంది. వేడి సోకితే దాని అణువులు ఒకదానితో ఒకటి గొలుసుగా అల్లుకొంటాయి. అల్లుకొన్నప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడికి అల్లిక వేగమందుకొంటుంది. దీనిని ఆపడానికి ఒక నిరోధక రసాయనం కలుపుతారు, ద్రవాన్ని శీతల యంత్రాలతో చల్లబరుస్తారు, పైనుంచి కింది దాకా కలియబెడుతూ ఉంటారు. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ 2020 జులైలో ఇచ్చిన నివేదిక ఈ మూడింటిలోనూ లోపాలను ఎత్తిచూపింది. నిరోధక రసాయనం చాలినంత లేదు. శీతల యంత్రాలను ఇరవైనాలుగు గంటలూ నడపలేదు. గొట్టాల అమరికను అంతకుముందే మార్చినందువల్ల ద్రవం సరిగా కలియడం లేదు.

అన్నిటికన్న మనసును కలచివేసే సంగతి మరొకటి. ట్యాంకులో ఉష్ణోగ్రతను కొలిచే ఏర్పాటు అడుగుభాగాన మాత్రమే ఉన్నది. వేడెక్కిన ద్రవం తేలికై పైకి చేరుతుందని మనం చిన్న తరగతుల్లోనే చదువుకొన్నాం. అడుగున చల్లని అంకె కనిపిస్తుండగా పైపొరలు మరొక విధంగా కాగుతున్నాయి. మధ్యలోగాని పైనగాని ఏం జరుగుతున్నదో చెప్పే సాధనం లేదు. స్టైరీను మరిగే ఉష్ణోగ్రత 145 డిగ్రీలు. మే 7వ తేదీ తెల్లవారుజామున ఆ ద్రవం మరిగి, ఆవిరై, నిద్రిస్తున్న గ్రామం మీద పరచుకొన్నది. 12 మంది మరణించారు. వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. లేచి పరుగెత్తినవారు దారిలోనే స్పృహతప్పి పడిపోయారు.

ఒక థర్మల్ కెమెరా ఉండి ఉంటే ఇది జరిగేది కాదని నేను చెప్పబోవడం లేదు. నిలువ ట్యాంకుకు కవచం ఉంటే కెమెరా ఆ కవచాన్నే చూస్తుంది. ట్యాంకు లోపల పైన, మధ్యన, కింద ఉష్ణమాపకాలు ఉండటమే అక్కడ అసలైన రక్షణ. కవచం లేని ట్యాంకు గోడ మీద మాత్రం వేడిపొర ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తున్నదో కెమెరాలో గీత గీసినట్లు తెలుస్తుంది. ఈ రెండు సాధనాల వెనుక ఉన్నది ఒకే ప్రశ్న: మనం కొలిచిన చోట చల్లగా ఉన్నది, కొలవని చోట ఎలా ఉన్నది? భోపాల్‌లో 1984 డిసెంబరు 2, 3 తేదీల నడిమి రాత్రి విషవాయువు వెలువడిన ట్యాంకు విషయంలోనూ శీతల యంత్రాన్ని నెలల ముందే ఆపివేశారు. ఆ ద్రవం 39 డిగ్రీలకే మరుగుతుంది. రెండు ఊళ్ళ నడుమ 36 ఏళ్ళ దూరం ఉన్నా ఆ ప్రశ్న అడిగినవారు లేకపోవడం రెండుచోట్లా ఒకటే.

వేడిని చూసే విద్యలో మరొక శాఖ వాయువులను చూస్తుంది. ఇంధన వాయువులు కంటికి కనబడవు. కాని మీథేను వంటివి 3.3 మైక్రాన్ల దగ్గరి పరారుణ కిరణాలను పీల్చుకొంటాయి. ఆ ఒక్క తరంగదైర్ఘ్యాన్నే గ్రహించేటట్లు చేసిన కెమెరాలో, గొట్టం నుంచి కారే వాయువు నల్లని పొగలా కదులుతూ కనిపిస్తుంది. పొగ లేని నిప్పుకు ఈ కెమెరా పొగను కల్పించి చూపుతున్నదని తార్కికుడు ముచ్చటపడవచ్చు. కోనసీమలో మామిడికుదురు మండలం నగరం గ్రామంలో 2014 జూన్ 27 వేకువన గ్యాస్ పైపులైను నుంచి వాయువు వెలువడి అంటుకొన్నప్పుడు ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఇళ్ళూ కొబ్బరి తోటలూ మాడిపోయాయి. పాతబడి తుప్పుపట్టే గొట్టాలు జనావాసాల నడుమ నుంచి పోతున్న చోట్ల ఇటువంటి కన్ను ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

ప్రమాదం జరిగిపోయిన తరువాత కూడా ఈ కెమెరాకు పని ఉన్నది. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో 2020 ఆగస్టు 20 రాత్రి విద్యుత్ ప్యానెళ్ళలో మంటలు చెలరేగి 9 మంది మరణించారు. భూగర్భంలో దట్టంగా కమ్మిన పొగ రక్షక బృందాలను గంటల తరబడి లోపలికి పోనీయలేదు. పొగలోని రేణువులు చాలావరకు మైక్రానుకన్న చిన్నవి. అవి మామూలు వెలుగును చెదరగొడతాయి గాని, 10 మైక్రాన్ల కిరణాలను అంతగా ఆపలేవు. అందుకే అగ్నిమాపక సిబ్బంది చేతి కెమెరాతో పొగలో తలుపునూ, మెట్లనూ, నేలమీద పడి ఉన్న మనిషినీ గుర్తించగలుగుతారు. దట్టమైన నీటి ఆవిరి ఉన్నచోట మాత్రం ఈ చూపు మందగిస్తుంది.

నా వద్ద చదువుకొని విద్యుత్ పనుల్లో స్థిరపడిన ఒక విద్యార్థి, కర్మాగారాలకు వెళ్ళి ఉష్ణచిత్రాలు తీసి నివేదికలిచ్చే పని కొన్నాళ్ళు చేశాడు. ఒక మిల్లులో ప్రధాన ప్యానెలు లోని ఒక అతుకు మిగిలిన రెండింటికన్న 20 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉన్నదని ఎర్రసిరాతో రాసి ఇచ్చాడట. ఆరు నెలలకు మళ్ళీ వెళితే అదే చుక్క, ఇంకొంచెం పెద్దదై కనిపించింది. మళ్ళీ రాశాడు. మూడోసారి వెళ్ళేసరికి ఆ ప్యానెలు లేదు. గోడ మసిబారి ఉన్నది. అదృష్టవశాత్తు ఆ సమయానికి గదిలో ఎవరూ లేరు. “బిగించాల్సింది ఒక్క బోల్టు సార్. గంట సేపు మిల్లు ఆపాలని ఎవరికీ మనసు రాలేదు” అన్నాడు. అతని రెండు నివేదికలూ చక్కగా బైండు చేయించి, మేనేజరు గది బీరువాలో భద్రంగా ఉంచారట.

ఇప్పుడతడు నివేదిక ఇచ్చి ఊరుకోవడం లేదు. పరీక్ష ముగిసిన వెంటనే, ఇంకా గేటు దాటకముందే, ఆ ప్యానెలు తలుపు మీద సుద్దముక్కతో మూడు విషయాలు రాస్తాడు: ఏ ఫేజులో దోషం, ఎన్ని డిగ్రీల తేడా, ఏ తేదీన చూసినది. దారిన పోయే ప్రతి పనివాడూ చదివేటట్లు పెద్ద అక్షరాలతో, తెలుగులో రాస్తాడు.